అమెరికా క్యూలో అదను ఎవరి చేతిలో?

అమెరికాలో గ్రీన్ కార్డు కోరే భారతీయుడికి అర్హత సంపాదించడం కంటె అదను కనిపెట్టడమే కష్టంగా ఉన్నది. యజమాని వేసిన పిటిషన్ ఆమోదం పొందినా, ఐ-485 దరఖాస్తును అతడు తలచిన రోజున దాఖలు చేయలేడు. అక్కడి విదేశాంగ శాఖ నెలనెలా ప్రకటించే వీసా బులెటిన్‌లో తన వంతు రావాలి. ఉద్యోగ ప్రాతిపదికపై ఏటా ఇచ్చేవి సుమారు 1,40,000 వీసాలు. సాధారణంగా ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి దక్కవు. జనాభాతో నిమిత్తం లేని ఈ పరిమితి మూలంగా మనవారి నిరీక్షణ దశాబ్దం దాటిపోయింది. ఆ వరుసలో తెలుగు ఇంజనీర్లు తక్కువేమీ కాదు.

పోనీ, బులెటిన్ మాట నిలుస్తుందా? 2007 జులైకి దాదాపు అన్ని ఉద్యోగ వర్గాలకూ ద్వారాలు తెరచినట్లు ప్రకటించారు. జులై 2న మూసివేశారు. అప్పుడు భారతీయులు ‘గాంధీగిరి’ పద్ధతిలో వలస సేవల సంస్థ అధిపతి ఎమిలియో గొంజాలెజ్‌కు పూలు పంపారు. ఆయన వాటిని గాయపడిన సైనికులున్న ఆసుపత్రికి తరలించారు. జులై 17న ప్రభుత్వం దిగివచ్చి, ఆగస్టు 17 వరకు దరఖాస్తులు స్వీకరించింది.

దాఖలు చేసినంత మాత్రాన కార్డు రాదు. అయితే పని అనుమతి లభిస్తుంది. 180 రోజులు గడచిన పిదప అదే తరహా మరో ఉద్యోగానికి మారవచ్చు. అంతకన్న ముఖ్యం పిల్లల వయస్సు. చట్టం లెక్క ప్రకారం 21 ఏళ్లు నిండినవారు తల్లిదండ్రుల దరఖాస్తునుండి విడిపోతారు. బులెటిన్‌లో రెండు పట్టికలున్నాయి: దాఖలుకు ఒకటి, తుది నిర్ణయానికి మరొకటి. మొదటిది ముందు నడుస్తుంది. వయస్సు లెక్కకు 2023 ఫిబ్రవరిలో మొదటి పట్టికను అంగీకరించిన వలస సంస్థ, 2025 ఆగస్టు 15 నుండి వేసే దరఖాస్తులకు రెండవదే ప్రమాణమన్నది. 14న దాఖలు చేసిన తండ్రి బిడ్డకు దక్కిన రక్షణ, 16న దాఖలు చేసిన తండ్రి బిడ్డకు దక్కకపోవచ్చు.

కనుక వంతు వచ్చిన మొదటి రోజునే దాఖలు చేయడం వివేకమని నా అభిప్రాయం. పెళ్లి కానివారు మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి: కార్డు మంజూరయిన తరువాత వివాహమాడితే, భార్యకు ఆ దరఖాస్తు వెంట హక్కు రాదు, ఆమెకు వేరే క్యూ.

అసలు మందు 7 శాతం పరిమితిని తొలగించడమే. 2019 జులైలో ప్రతినిధుల సభ 365-65 ఓట్లతో అందుకు బిల్లును ఆమోదించినా అది చట్టం కాలేదు. వీసా విధానం అమెరికా సార్వభౌమ విషయమన్నది నిజమే. అయినా హెచ్-1బి వీసాల విషయమై వాషింగ్టన్‌తో మాట్లాడే న్యూఢిల్లీ, 21 ఏళ్లు నిండుతున్న ఈ పిల్లల గురించి మౌనం వహించడం న్యాయం కాదు. ఆ ప్రశ్నను పార్లమెంటులో అడగవలసిన బాధ్యత మన ఎంపీలది.