జగత్తునకంతకు నొక్కటే కొలత

మానవులందఱికిని వివేక మొక్కటే, న్యాయ మొక్కటే యను భావము పాశ్చాత్యులు పెట్టిన భిక్షయని కొందఱు విద్యావంతులు చెప్పుచున్నారు. పరదేశపు సరకు గనుక పాఱవేయవలెనని మఱికొందఱు. ఈ రెండు మాటలును మాకు సమ్మతములు కావు. ఆ భావమును మోసికొని తిరిగినవారిలో నొకడు గోలకొండకే వచ్చియుండెను.

ఆతడు ఫ్రెంచి వైద్యుడైన ఫ్రాంసువా బెర్నియే. గసెండీ యను తత్త్వవేత్తకు శిష్యుడు. మొగలాయి కొలువులోని దానిష్మందుఖాను నాశ్రయించి, గసెండీ, దేకార్తుల తత్త్వమును పారసీభాషలోనికి మార్చి అయిదాఱేండ్లు వినిపించెను. 1667లో గోలకొండ రాజ్యమున నుండెను. నేటి గౌలిపుర మున్నగు పేటలు గల మన పాతనగరమే నాడు కుతుబుషాహీల రాజధాని.

వివేకము లోకమున నెల్లరకును సమముగ లభించినదని దేకార్తు 1637లోనే వ్రాసియుండెను. బెర్నియే చేసిన పనియే దానికి సాక్ష్యము. పారిసున బుట్టిన తర్కము పారసీలో నర్థమైనది గదా!

కాని యీ బెర్నియేయే 1684లో, తన పేరు చెప్పకుండ, పారిసు పత్రికలో నొక వ్యాసము ప్రకటించి మనుష్యులను దేహలక్షణములను బట్టి జాతులుగ విభజించెను. మనవారిని యూరపువారితో చేర్చి, మన చామనచాయ యెండవలన గలిగినదే యనెను. ఆఫ్రికావారి నలుపు మాత్రము పుట్టుకతోడిదట. తమకు పైమెట్టు దొరకినదని మనవారెవరైన సంతసించినచో నంతకంటె సిగ్గు మఱొకటి లేదు. బానిసల వర్తకము చేయు కంపెనీలో వాటాలు కొన్న లాకు పండితుడే 1689లో ప్రకటించిన గ్రంథమున మనుష్యులు స్వభావముచే స్వతంత్రులని వాదించెను!

ఇంతమాత్రమున ఆ భావము బూటకమని మేమనము. కొలబద్ద సరియైనదే. కొలిచినవారు తమ వాకిటికడ నాగిపోయిరి. 1906లో భాగ్యరెడ్డివర్మగారు హైదరాబాదున, అంటరానివారనబడినవారి యభ్యుదయమునకై స్థాపించిన సంఘమునకు జగన్మిత్రమండలి యని పేరిడిరి. వాకిట నిలువరాదని తఱుమబడినవారు జగత్తునకు మిత్రులమని చెప్పికొనిరి. పారిసు పండితులకంటె నీ మాటను సంపూర్ణముగ గ్రహించినవారు వీరే యని మా యభిప్రాయము.

గౌలిపురలోనేమి, నగరమున మఱియెచ్చటనేమి, ఇల్లద్దెకు వచ్చినవానిని పైకము మాటకంటె ముందు కులమో మతమో యడుగుట నేటికిని గలదు. పగలు కళాశాలలో దేకార్తును బోధించి, సాయంకాలము అరుగుమీద నీ ప్రశ్న వేయువారికి బెర్నియేను దప్పుపట్టు నధికార మెట్లు గలుగును?