నీళ్లు ఎంతవరకు వచ్చాయి?

ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు మనవాళ్లు అడగని ప్రశ్న ఉండదు. సింహద్వారం ఏ దిక్కు, వీధిపోటు ఉందా, కుళాయి ఎన్నింటికి వస్తుంది, స్కూలు ఎంత దూరం, పక్కవాటావారు ఎలాంటివారు – అన్నీ కావాలి. “ఈ వీధిలోకి ఎప్పుడైనా నీళ్లు వచ్చాయా? వస్తే ఎంతవరకు?” అని మాత్రం అడగరు. ఎవరైనా అడిగితే అశుభం పలికినట్లు చూస్తారు కూడాను!

ఇప్పుడీ ప్రశ్న మా ఇంటిదాకా వచ్చింది. మా చెల్లెలి భర్త ఈమధ్యే రిటైరయ్యారు. బందరులో వారికి పెద్దలనాటి స్థలం ఉంది. అక్కడే ఇల్లు కట్టుకోవాలని ఆయన కోరిక. చెల్లెలి మనసు బెజవాడ మీద. వాళ్లబ్బాయేమో, “రెండూ వద్దు, హైదరాబాదు వచ్చేయండి. తుఫాను గొడవే ఉండదు” అంటాడు. వీళ్లందరి మధ్యా ఎనభై దాటిన మా చెల్లెలి అత్తగారు. ఆవిడ నాలుగు మెట్లు ఎక్కాలంటే ఇద్దరు పట్టుకోవాలి. “అక్కయ్యా, నువ్వే ఏదో ఒకటి చెప్పు” అని చెల్లెలు భారం నా మీద వేసింది.

బందరు సంగతి కొత్తది కాదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన వచ్చి ఆ ఊరిని, చుట్టుపక్కల పల్లెలను ముంచినప్పుడు సుమారు 30,000 మంది పోయారని అంచనా. 1977 నవంబరు 19న తుఫాను కేంద్రం తీరం దాటింది చీరాల దగ్గర. కాని జనం ఎక్కువగా పోయింది దివిసీమలో! కారణం ఏమిటంటే, మన వైపు తుఫాను గాలి గడియారపు ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. కేంద్రానికి ఉత్తరాన ఉన్న ఊళ్లకు అది సముద్రం మీదనుంచి వీస్తూ నీటిని నేలమీదికి తోసుకొస్తుంది. మన తీరాన సముద్రం లోతు తక్కువ. డెల్టా నేల పళ్లెంలా చదును. సుమారు 5 మీటర్ల ఎత్తున లేచిన నీటికి అడ్డేముంది? ప్రభుత్వం లెక్క ప్రకారమే దాదాపు 10,000 మంది ప్రాణాలు పోయాయి. అందుకని వార్తల్లో “చీరాల” అన్నారని దివిసీమవారు నిశ్చింతగా పడుకోవడానికి లేదు.

“వదినగారూ, అది పాతకాలపు మాట. ఇప్పుడు నాలుగురోజుల ముందే చెబుతున్నారుగా!” అన్నారు మరిదిగారు. ఆయన మాటలో నిజం లేకపోలేదు. 1990 మే 9న దాదాపు అదే ప్రాంతాన, 1977 నాటిదానికి ఏమాత్రం తీసిపోని తుఫాను దాటింది. లక్షలమందిని ముందే తరలించారు గనుక మృతులు వెయ్యిలోపే. కాని ముందు చెప్పినందువల్ల ఫలం దక్కేది బయలుదేరగలవారికి. అక్టోబరు నుంచి డిసెంబరుదాకా ఎన్ని హెచ్చరికలు వస్తే అన్నిసార్లు మంచం మీది ముసలమ్మగారిని కారెక్కించగలరా? రెండుసార్లు ఎక్కిస్తారు. మూడోసారి, “పోయినసారి ఏమీ కాలేదుగా” అంటారు.

గాలి వేరు, నీరు వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను చీల్చి చెండాడింది. చెట్లు కూలాయి, అద్దాలు పగిలాయి, రోజుల తరబడి కరెంటు లేదు. అయినా గట్టి శ్లాబు, బిగువైన గడియలు ఉన్న గదిలో కూర్చున్నవారు బతికి బట్టకట్టారు. (తుఫాను కన్ను ఊరి మీదికి వచ్చినప్పుడు గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది. గండం గడిచిందని వీధిలోకి వెళ్లకండి. కాసేపటికి ఎదురు దిక్కునుంచి మళ్లీ కొడుతుంది.) గాలిని కట్టుబడితో ఆపవచ్చు. నీటికి మాత్రం ఎత్తు ఒక్కటే మందు.

అలాగని సముద్రానికి దూరం పోతే చాలునా? 2024 సెప్టెంబరు మొదటివారంలో బెజవాడలో ఏం జరిగింది? బుడమేరుకు గండ్లు పడి సింగ్ నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో ఉంది. మేడ మీదివారు ప్రాణాలు దక్కించుకున్నారు గాని, తాగడానికి చుక్క మంచినీళ్లకు అలమటించారు. అదే ఊళ్లో మెరకన ఉన్న వీధుల్లో కాళ్లు కూడా తడవలేదు. హైదరాబాదుకు 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వచ్చింది. ఆ తర్వాతే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. మరి 2020 అక్టోబరులో కాలనీలు ఎందుకు మునిగాయి? చెరువు దారికి అడ్డంగా ఇళ్లు కట్టాం కనుక. మా అబ్బాయిగారు చెప్పిన “గొడవలేని ఊరు” ఇదీ!

చెల్లెలికి నేను చెప్పింది ఇది. అత్తగారు ఉన్నన్నాళ్లూ బందరులో ఇల్లు వద్దు. స్థలం అమ్మనూ వద్దు. బెజవాడలోనే, మెరక వీధిలో, కిందివాటా అద్దెకు తీసుకోండి. ఇల్లుగలవారి మాట నమ్మకుండా వీధి చివర పాత కిరాణాకొట్టు ఆయనను అడగండి. గోడల మీద పాత నీటి చార ఉందేమో చూడండి. ఆ పేటకు కుంట, మడుగు, చెరువు అనే పేరేమైనా ఉందేమో కనుక్కోండి. పెద్దవాన పడిన మర్నాడు మళ్లీ ఒకసారి వెళ్లి రండి.

మరిదిగారు వారంరోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు ఇళ్లు చూస్తున్నారు. టేపు పట్టుకెళ్లి రోడ్డుకూ గడపకూ మధ్య ఎత్తు కొలుస్తున్నారట. అత్తగారు మాత్రం బందరు స్థలంలోని మామిడిచెట్టు ఈ ఏడు పూత పట్టిందో లేదో చూసి రమ్మని రోజూ అడుగుతున్నారు.