మోటారు ఆపి కారుకు కరెంటా? ఛార్జింగ్ ప్రణాళికలో ఊరి మాటకు చోటేదీ!

పెనుగొలను సెంటర్‌లో ఎలక్ట్రిక్ బండ్ల సంగతి ఎత్తితే మన పెద్దలు కొందరు నవ్వేస్తారు. ‘మిర్చికి ధర లేదు, పత్తి కొనే నాథుడు లేడు, సాగర్ ఎడమ కాలువ చివరి భూములకు నీళ్లు రావు. కార్ల వాళ్ల ఛార్జింగ్ గొడవ మనకెందుకు?’ అంటారు. ఆ బాధలో న్యాయం ఉంది. కానీ కార్ల వాళ్ల గొడవే అని వదిలేస్తే రేపు మన ట్రాన్స్‌ఫార్మర్ మీదికి వచ్చేది అదే. పొద్దుగూకాక వీధుల్లోకి వెళ్లి చూడండి. కిటికీలోంచి, తలుపు సందులోంచి వైరు లాగి బ్యాటరీ ఆటోకో, స్కూటరుకో తగిలించిన ఇళ్లు కనబడతాయి. ఆ పిల్లలు రైతుల కొడుకులు, కౌలుదార్ల కొడుకులు, కూలీల కొడుకులు. వాళ్ల గురించి ఏ ప్రణాళికలో రాశారో చెప్పమని అడగడమే ఈ వ్యాసం ఉద్దేశం.

డబ్బు ఎటు పోతోంది?

కేంద్ర ప్రభుత్వం 2024 అక్టోబరు 1 నుంచి పీఎం ఈ-డ్రైవ్ పథకం మొదలుపెట్టింది. మొత్తం 10,900 కోట్ల రూపాయలు. అందులో 2,000 కోట్లు ఛార్జింగ్ కేంద్రాలకు. కార్లకు 22,100, బస్సులకు 1,800, రెండు, మూడు చక్రాల బండ్లకు 48,400 ఛార్జర్లు పెడతామన్నారు. ఎక్కడ పెడతారు? ఎలక్ట్రిక్ బండ్లు ఇప్పటికే ఎక్కువగా ఉన్న నగరాల్లో, ఎంపిక చేసిన హైవేల మీద. విద్యుత్ మంత్రిత్వ శాఖ 2024 సెప్టెంబరులో ఇచ్చిన మార్గదర్శకాలదీ అదే దారి. 2030 నాటికి పట్టణాల్లో చదరపు కిలోమీటరుకు ఒకటి, హైవేల మీద ప్రతి 20 కిలోమీటర్లకు ఒకటి. గ్రామానికి అలాంటి కొలత ఏదీ పెట్టలేదు. తిరువూరు మీదుగా జగదల్‌పూర్ వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారికి లెక్క ఉంది. ఆ రోడ్డు దిగి గంపలగూడెం వైపు తిరిగిన బండికి లెక్క లేదు. అదే పథకంలో ఆటోలకు, లారీలకు, అంబులెన్సులకు సబ్సిడీ పెట్టారు. ట్రాక్టరు మాట మాత్రం లేదు.

‘పల్లెల్లో బండ్లు తక్కువ, స్టేషన్ పెట్టినవాడికి గిట్టదు’ అంటారు. గిట్టని చోటికే కదా ప్రజల డబ్బు వెళ్లాలి! గిట్టే చోటికి వ్యాపారి ఎలాగూ వెళ్తాడు. పల్లెలకు కరెంటు తీగ లాగేటప్పుడు ముందు ఎన్ని బల్బులున్నాయో లెక్కపెట్టి లాగలేదు. తీగ వచ్చాకే బల్బులు, మోటార్లు వచ్చాయి.

ఒక ఛార్జరు, పదహారు మోటార్లు

లోడు లెక్క మన రైతుకు ఎవరూ నేర్పనక్కర్లేదు. 5 హెచ్‌పీ మోటారు సుమారు 3.7 కిలోవాట్లు. కార్లను గంటలోపు నింపే 60 కిలోవాట్ల ఫాస్ట్ ఛార్జరు ఒక్కటి ఆడిందంటే పదహారు మోటార్లు ఒక్కసారి ఆడినట్టు. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌లో మూడింట రెండు వంతులు అదే తినేస్తుంది. సొంత ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకున్నా 11 కేవీ లైను, సబ్‌స్టేషన్ మనతో పంచుకునేవే. ఎండలు 45 డిగ్రీలు దాటే రోజుల్లో ఉన్న లోడుకే ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోతుంటే, కొత్త లోడు ఏ లైను మీద వేస్తారో ఊరికి ముందుగా చెప్పాలా వద్దా? వ్యవసాయానికి పగలు తొమ్మిది గంటల కరెంటు అన్న మాటకు ఈ కొత్త లోడు అడ్డం రాదని రాతపూర్వకంగా ఎవరు హామీ ఇస్తారు?

ఇక ఆటోకు, స్కూటరుకు సరిపోయేది 3.3 కిలోవాట్ల చిన్న పాయింటు. అంటే ఒక మోటారంత కూడా కాదు. పది పాయింట్లు పెట్టినా 33 కిలోవాట్లు. రాత్రి వంతులవారీగా ఇస్తే ఇంకా తక్కువ. ఊరికి కావలసింది ఇది. హైవే మీద కారుకు కావలసింది వేరు. రెండింటినీ ఒకే గాటన కట్టి ‘ఛార్జింగ్ నెట్‌వర్క్’ అని ఒకే పేరు పెట్టడంలోనే మోసం ఉంది.

బిల్లు ఎవరి మీద?

ఆ మార్గదర్శకాల ప్రకారం ఉదయం 9 నుంచి సాయంత్రం 4 వరకు ఛార్జింగ్ కేంద్రాలకు కరెంటు చౌక, సగటు సరఫరా ఖర్చులో 0.7 రెట్లు. మిగతా వేళల్లో 1.3 రెట్లు. సోలారు కరెంటు పగలు దండిగా ఉంటుంది కాబట్టి ఆ లెక్క తప్పు కాదు. కానీ ఆటో డ్రైవరు ఆ వేళ రోడ్డు మీద ఉంటాడు. బడిపిల్లలను, మిరప కోతల కూలీలను, మార్కెట్‌కు కూరగాయలను తిప్పుతుంటాడు. అతను బండిని నింపేది రాత్రి, ఇంటి మీటరు మీద.

ఇంటి మీటరు సంగతి లెక్కేద్దాం. నెలకు 80 యూనిట్లు వాడే ఇల్లు. ఆటోకు రోజుకు 7 యూనిట్లు, 26 రోజులు తిరిగితే 182. మొత్తం 262 యూనిట్లు. 2022-23 టారిఫ్ ఆర్డరు శ్లాబుల ప్రకారం 80 యూనిట్లకు పడేది సుమారు 215 రూపాయలు. 262 యూనిట్లకు 1,340 రూపాయలు. ఫిక్స్‌డ్ ఛార్జీలు, సర్దుబాటు ఛార్జీలు దీనికి అదనం. 225 దాటిన ప్రతి యూనిట్‌కు 8 రూపాయల 75 పైసలు. ఏసీ వేసుకున్న ఇంటిదీ అదే రేటు, పొట్టకూటికి ఆటో నడిపే ఇంటిదీ అదే రేటు!

వరద వచ్చినప్పుడు?

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వానలు ఎవరూ మరచిపోలేదు. బుడమేరు గట్లు తెగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైదరాబాద్ హైవేనే ఆగిపోయింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులు దాటింది. మన కట్టలేరు పొంగితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. రోడ్డు తెగుతుంది, స్తంభాలు ఒరుగుతాయి, కరెంటు పోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ లాంటి మహానగరమే రోజుల తరబడి చీకట్లో మగ్గింది.

పెట్రోలు బండికైతే అవతలి ఊరి నుంచి డబ్బాలో తెచ్చి పోసుకోవచ్చు. కరెంటును డబ్బాలో తేలేం. నిండు గర్భిణిని ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన రాత్రి ఊళ్లో బండ్లన్నీ ఛార్జింగ్ లేక పడి ఉంటే జవాబు ఎవరు చెబుతారు? చవుడు నేల, చెరువు కట్ట కింద పల్లం, వాగు పక్క పోరంబోకు ఖాళీగా కనబడ్డాయని అక్కడ స్టేషన్ కడితే మొదటి వరదకే మునుగుతుంది. ఏ ఏడాది నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఉపగ్రహ పటం కన్నా ముందు మన ముసలివాళ్లు వేలు పెట్టి చూపిస్తారు. అడిగేవాడే లేడు.

అడగడం అంటే ఇంగ్లీషులో ఒక ముసాయిదా వెబ్‌సైట్‌లో పెట్టి గడువు ముగిసిందనడం కాదు. కరెంటు ఛార్జీలు పెంచాలంటే 2003 విద్యుత్ చట్టం 64వ సెక్షన్ ప్రకారం ప్రజల సలహాలు, అభ్యంతరాలు పరిగణనలోకి తీసుకోవాలి. ఊరి స్థలం, ఊరి లైను వాడుకునే స్టేషన్‌కు ఊరిని అడగడానికి ఎందుకంత జంకు?

మన డిమాండ్లు

1. స్టేషన్ స్థలం, లోడు, ఏ ఫీడరు అన్నది గ్రామసభలో తెలుగులో చదివి వినిపించి, తీర్మానం అయ్యాకే పని మొదలుపెట్టాలి. ఆటో కార్మికులను, కౌలు రైతులను, మహిళా సంఘాలను పిలవాలి.

2. ఫాస్ట్ ఛార్జర్లకు వ్యవసాయ ఫీడరు నుంచి కనెక్షన్ ఇవ్వకూడదు. సబ్‌స్టేషన్ సామర్థ్యం పెంచే ఖర్చు పెట్టుబడిదారు భరించాలి. రైతు మీద, ఇంటి వినియోగదారు మీద మోపకూడదు.

3. ప్రతి పంచాయతీలో సహకార సంఘం గోడౌన్ దగ్గరో, రైతు సేవా కేంద్రం దగ్గరో చిన్న పాయింట్లు పెట్టాలి. పైకప్పు మీద సోలారు, కొంత బ్యాటరీ నిల్వ ఉండాలి. వరద రోజుల్లో ముందు ఆసుపత్రి బండికి, తాగునీటి మోటారుకు, సెల్‌ఫోన్లకు ఆ కరెంటు ఇవ్వాలి.

4. ఊరు చూసిన అత్యధిక వరద మట్టం కన్నా ఎత్తులో దిమ్మె కట్టాలి. వీలున్న చోట రెండు లైన్ల నుంచి సరఫరా ఉండాలి.

5. పొట్టకూటి ఆటోలకు ఇంటి శ్లాబుతో సంబంధం లేని వేరు మీటరు, తక్కువ రేటు ఇవ్వాలి.

6. ప్రభుత్వ స్థలం ఇస్తే అమ్మిన యూనిట్‌కు కనీసం రూపాయి చొప్పున ఆదాయం పంచాలని 2022 జనవరి మార్గదర్శకాలే చెప్పాయి. స్థలం పంచాయతీదైతే ఆ రూపాయి పంచాయతీ ఖాతాలోనే పడాలి.

మనం ఎలక్ట్రిక్ బండ్లకు వ్యతిరేకం కాదు. డీజిల్ ధర రైతును ఎంత పిండుతోందో మనకన్నా ఎవరికి తెలుసు? వాతావరణం చెడితే మొదట పూత రాలేది మన మామిడికే. మార్పు రావాలి. కానీ ఆ మార్పు ఖర్చు పల్లె మీద, లాభం హైవే మీద అంటే ఒప్పుకోం. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కరెంటు ఛార్జీల మీద పోరాడి ప్రాణాలిచ్చినవాళ్లు మనకు నేర్పిన పాఠం ఒకటుంది: కరెంటు సంగతి ఇంజనీర్లకు, కాంట్రాక్టర్లకు వదిలేసేది కాదు, అది జనం తేల్చుకోవాల్సింది.

వచ్చే గ్రామసభకు ప్రతి శాఖ ఈ ఆరు డిమాండ్లతో తీర్మానం రాసుకుని వెళ్లాలి. ఊళ్లో ఎన్ని బ్యాటరీ బండ్లున్నాయి, ఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎంత లోడుంది, వరద నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి, ఈ మూడూ మనమే రాసి పట్టుకెళ్దాం. లెక్క మన చేతిలో ఉంటే ‘మీకేం తెలుసు’ అనే నోరు మూతపడుతుంది.