మురికితోపాటు రంగూ పోతోంది!

వాటర్ సర్వీసింగుకు ఇచ్చిన బండి తళతళలాడుతూ తిరిగి వస్తే సంతోషించనివారుండరు. పది రోజులు గడిచాక అదే బండి టాంకు మీద సున్నం చిందినట్లు మచ్చలు, ఇంజను చుట్టూ నల్లటి చారలు తేలితే మాత్రం ఎండ వల్ల అనో, కంపెనీవాడు నాసిరకం రంగు వేశాడనో సరిపెట్టుకుంటున్నారు. చాలాసార్లు అసలు కారణం కడగడానికి వాడిన మందే.

ట్రాక్టరైనా, మోటారు సైకిలైనా, ఆటో అయినా ఊళ్లల్లో చేతికి అందినదల్లా వేసి కడుగుతున్నారు. బట్టల సబ్బుపొడి, చాకలి సోడా, కిరసనాయిలు, డీజిలు. అవి చాలవనుకుంటే మరుగుదొడ్డి కడిగే యాసిడ్. పైగా అంట్లగిన్నె తోమినట్లు కొబ్బరి పీచుతో తోముడు. దసరాకు ఆయుధ పూజ దగ్గర పడితే ఈ తోముడు మరీ ఎక్కువ. బండికి బొట్టు పెట్టి నిమ్మకాయ తొక్కించే లోపే దాని తోలు ఒలిచేస్తున్నారన్న మాట!

ఇప్పటి కార్లకు, చాలా మోటారు సైకిళ్లకు రంగు పొరలుగా ఉంటుంది. రేకు మీద ప్రైమరు, దానిపైన రంగు, ఆ పైన అద్దంలాంటి క్లియర్ కోటు. కారుకు అన్నీ కలిపినా మందం సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే రెండు తల వెంట్రుకలంత. మెరుపంతా పై పొరదే. సబ్బుపొడి, సోడా ముందు మైనపు పూతను లాగేస్తాయి. తరచూ వాడితే మెరుపు చచ్చిపోతుంది. కాస్టిక్ సోడా సంగతి చెప్పనే అక్కర్లేదు. పాత రంగు ఊడగొట్టడానికి వాడే సరుకది.

యాసిడ్ తుప్పును కరిగిస్తుంది కనుక మంచిదనుకుంటారు. అది తుప్పుతో ఆగదు, ఇనుమునూ తింటుంది. బోల్టుల కింద, రేకు మడతల్లో మిగిలిన చుక్క కొత్త తుప్పుకు విత్తనం. ఇంజను కేసింగు, అల్లాయ్ చక్రాలు అల్యూమినియంవి. వాటిని యాసిడూ తింటుంది, కాస్టిక్కూ తింటుంది.

రంగు పాడైందని వెంటనే పెయింటింగ్ షెడ్డుకు పరుగెత్తనక్కర్లేదు. ముందు బండిని నీడకు చేర్చి ధారాళంగా నీళ్లు పోయాలి. యాసిడ్ పడిందని తెలిస్తే వంటసోడా కలిపిన నీళ్లు పోసి, మళ్లీ మంచినీళ్లతో కడగాలి. ఆరాక మెత్తటి గుడ్డతో కాస్త రబ్బింగ్ కాంపౌండ్ తీసుకుని అరచేయంత మేర రుద్ది, గుడ్డ వంక చూడండి. గుడ్డకు బండి రంగు అంటితే పైన క్లియర్ కోటు లేదన్నమాట. పాత ట్రాక్టర్లకు చాలావాటికి ఇంతే. అక్కడ తేలిగ్గా రుద్ది త్వరగా ఆపేయాలి. రంగు అంటకపోతే మచ్చ పోయేదాకా నిదానంగా రుద్దవచ్చు. ఆ తరువాత పాలిష్, దానిమీద మైనం. అంచుల దగ్గర రంగు పలచన కనుక అక్కడ చెయ్యి బలం చూపించకూడదు.

గోటికి తగిలేంత గుంట పడితే 2000 నంబరు వాటర్ పేపరు కావాలి. అది చెయ్యి తిరిగిన పెయింటరు పని. క్లియర్ కోటు ఉల్లిపొరలా లేచిపోతుంటే ఏ పాలిషూ పనిచేయదు. ఆ భాగం గీకి మళ్లీ రంగు వేయాల్సిందే. పాలిష్‌తో బాగుచేస్తానని డబ్బు తీసుకునేవాడిని నమ్మవద్దు. బెత్తెడు మచ్చకు బండంతా రంగు వేయాలనే వాడినీ నమ్మవద్దు. రేకు బయటపడినచోట మాత్రం వానాకాలం రాకముందే తుప్పు గీకించి ప్రైమరు పట్టించాలి. రంగు కలవకపోయినా ఫరవాలేదు, రేకు మిగులుతుంది. అప్పు చేసి కొన్న ట్రాక్టరును రేపు అమ్మబోతే, కొనేవాడు ముందు చూసేది బానెట్టునే కదా!

తప్పంతా బండి యజమానులదే అంటే ఒప్పుకునేది లేదు. సర్వీసింగు కేంద్రాల్లో కొందరు పని త్వరగా తెమలాలని, ఖర్చు తగ్గాలని యాసిడ్ నీళ్లు కొడుతున్నారు. ఆ సంగతి బండి ఇచ్చినవారికి చెప్పరు. ఆ నీళ్లలో చేతులు పెట్టేది చేతి తొడుగు, కళ్లద్దాలు లేని కూలి కుర్రాళ్లు. ఆ నీళ్లే కాలువలో కలుస్తాయి. గొడ్లు తాగేదీ అక్కడే. యాసిడ్ అమ్మేవారు కొన్నవారి పేరు, చిరునామా పుస్తకంలో రాయాలని, 18 ఏళ్లు నిండనివారికి అమ్మరాదని సుప్రీంకోర్టు 2013లోనే ఆదేశించింది. మన ఊరి కొట్లో సీసా కొన్నప్పుడు ఎవరైనా పేరు అడిగారా?

పంచాయతీలు ఇక్కడ కాస్త గట్టిగా ఉండాలి. ఏ మందుతో కడుగుతున్నారో సర్వీసింగు కేంద్రం గోడమీద తెలుగులో రాయించాలి. కుర్రాళ్లకు తొడుగులు ఇవ్వనివారికి, మురుగు కాలువలోకి వదిలేవారికి నోటీసులు ఇవ్వాలి. ఆ పని జరిగేదాకా బండి అప్పజెప్పి టీ కొట్టుకు వెళ్లకుండా దగ్గరే నిలబడి, డబ్బా చూశాకే కడిగించుకోండి.