పాలకు కొలత ఉంది, మేతకు ఏది?

పాల కేంద్రంలో వెన్న శాతాన్ని పాయింట్లతో సహా కొలిచి ధర కడతారు. ఆ పాలిచ్చిన ఆవు ఎంత మేసిందో ఎవరూ కొలవరు. 400 కిలోల ఆవుకు నీరు పోగా రోజుకు 10 నుంచి 12 కిలోల మేత కావాలని పట్టికలు చెబుతాయి. పచ్చగడ్డిలో సుమారు ముప్పాతిక వంతు నీళ్లే. పైగా చందుర్తి ఎండలకు ఆవు మేత తగ్గిస్తుంది, చొప్ప మొదళ్లు వదిలేస్తుంది. పట్టికలో ఉన్నది వేరు, కడుపులో పడ్డది వేరు.

వేసిన మేతను, మర్నాడు మిగిలినదాన్ని కాంటా వేస్తే తిన్నదెంతో తేలుతుంది. మన కొట్టాల్లోనే, ఎండాకాలం, చలికాలం విడివిడిగా పశుసంవర్ధక శాఖ ఈ తూకం వేయాలని, ఆ ఖర్చు చూసే పాల ధర నిర్ణయించాలని డిమాండ్ చేస్తున్నాం. అప్పటిదాకా మనమే తూచి రాసిపెడదాం. లెక్క చేతిలో ఉంటేనే నిలదీయగలం.