టీ ఇచ్చే మనిషిని కూడా అడగండి

పోయిన ఆదివారం మా కొత్త ఇంటి ప్లాను వచ్చింది. భోజనాల బల్ల మీద పరిచి, చుట్టుకుపోకుండా నాలుగు మూలలా స్టీలు గ్లాసులు పెట్టారు. ఇంజనీరు గారు మా వారిని కారు పొడవెంత అని అడిగారు. మా అబ్బాయిని వాడి గదిలో ప్లగ్గులెన్ని కావాలని అడిగారు. సిద్ధాంతి గారు అంతకు ముందే చెప్పి వెళ్ళారు, ఆగ్నేయంలో వంటిల్లు, తూర్పు ముఖంగా పొయ్యి అని. నేను అందరికీ టీ ఇచ్చాను. నన్నెవరూ ఏమీ అడగలేదు. అడగలేదన్న సంగతి ఆ పూట నాకూ తట్టలేదు.

రాత్రి అందరూ పడుకున్నాక ఆ కాగితం ముందు కూర్చున్నాను. వంటిల్లు ఎనిమిది అడుగులకి తొమ్మిది. పొయ్యి ముందు గోడ, సింకు ముందు గోడ, హాలు వైపు నిలువెత్తు గోడ. అచ్చం ఇప్పుడున్న ఇంట్లో లాగే. చూడగానే మా మామగారు గుర్తొచ్చారు.

ఆఖరి నాలుగు నెలలూ ఆయన మంచం హాల్లోనే వేశాం. గొంతు బాగా సన్నబడిపోయింది. నేనేమో గోడ వైపు తిరిగి, కుక్కరు విజిలు మధ్య, మిక్సీ మోత మధ్య ఉండేదాన్ని. కొన్నాళ్ళకి ఆయన పిలవడం మానేసి, మంచం పట్టె మీద చెంచాతో కొట్టడం మొదలుపెట్టారు. ఒకరోజు మంచినీళ్ళ కోసం ఎంతసేపు కొట్టారో తెలియదు. నేను పోపు దింపి వచ్చేసరికి చెంచా కింద పడి ఉంది. "పనిలో ఉన్నావు కదమ్మా" అన్నారు, నన్నే ఓదారుస్తున్నట్టు. ఆయనకీ నాకూ మధ్య ఉన్నది నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, అంతే.

కోనసీమలో మా అమ్మమ్మది మండువా ఇల్లు. వంటింటి గడపలో కూర్చుంటే మండువా మీదుగా వీధి గుమ్మం దాకా కనిపించేది. వాన వస్తే నాలుగు వైపుల పెంకుల మీంచి నీళ్ళు నడిమధ్యకి దూకేవి. అమ్మమ్మ మజ్జిగ చిలుకుతూనే, ఏ పిల్లాడు జారిపడ్డాడో, ఏ ముసలాయన లేచి కూర్చున్నాడో చూసుకునేది. అలాగని ఆ ఇంటిని నెత్తిన పెట్టుకోమనడం లేదు. కట్టెల పొగకి అమ్మమ్మ కళ్ళు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. ఆడవాళ్ళు తినేది అందరూ తిన్నాకే. కానీ ఇంట్లో ఏం జరుగుతోందో ఆవిడకి తెలిసేది.

హాస్టల్లో ఉన్న మా అమ్మాయితో ఇదంతా చెప్పుకుంటే, ఫ్రాంక్‌ఫర్ట్ వంటిల్లు గురించి చదవమంది. 1926లో జర్మనీలోని ఆ ఊళ్ళో కడుతున్న కొత్త ఇళ్ళ కోసం మార్గరెటె ష్యూటె-లిహోట్స్కీ అనే ఆస్ట్రియా ఆర్కిటెక్ట్ గీసిన వంటగది అది. వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు. మా ప్లానులో ఉన్నదానికన్నా కాస్త చిన్నదే! అయినా కిటికీ దగ్గర కూర్చుని తరుగుకోవడానికి బల్ల, తిరిగే స్టూలు, పక్క గదిలో పిల్లల మీద కన్నేసి ఉంచడానికి జరిపే తలుపు, అన్నీ అమిరాయి. అలాంటివి పదివేల దాకా కట్టారట. తమాషా ఏమిటంటే, అది గీసేనాటికి తాను ఇల్లు నడిపిందీ లేదు, వంట చేసిందీ లేదని ఆవిడే తర్వాత చెప్పింది. మరెలా గీసింది? ఏ పనికి ఎన్ని అడుగులు వేస్తారో, ఎంతసేపు పడుతుందో లెక్క చూసి. ఆ వంటింట్లో ఒక్క మనిషే పడుతుంది, ఆడదాన్ని ఒంటరిని చేసింది అని తర్వాతివాళ్ళు తప్పు పట్టారు. నాకు రెండూ సబబుగానే అనిపించాయి. వంట రానివాళ్ళు కూడా మంచి వంటిల్లు గీయగలరు, చేసే మనిషిని గమనిస్తే. కానీ ఎంత బాగా గీసినా, ఒక్కరే చేయాలి అనుకుని గీస్తే ఆ ఒక్కరూ అందులోనే ఉండిపోతారు.

మర్నాడు మా వారితో అన్నాను. పొయ్యి తూర్పుకే ఉండనివ్వండి, సిద్ధాంతి గారి మాట కాదనను. సింకు దక్షిణం గోడకి మార్చి, దాని ముందు కిటికీ పెట్టించండి. హాలు వైపు గోడ నడుం ఎత్తుకి ఆపేసి, కూర తరిగే గట్టు అక్కడ వేయించండి.

"పోపు ఘాటు హాల్లోకి వస్తుంది కదా" అన్నారు.

"రానివ్వండి. ఇరవై రెండేళ్ళుగా నేనొక్కదాన్నే దగ్గుతున్నాను" అన్నాను.

నవ్వారు. కాసేపటికి నవ్వు ఆపి స్కేలు తీసుకున్నారు.

అత్తయ్యగారిని కూడా అడిగాను. "నాకేం కావాలే అమ్మాయ్" అన్నారు ముందు. సాయంత్రం తోటకూర తుంచుతూ, అడగకుండానే చెప్పారు: "నిలబడి ఇవన్నీ బాగుచేయలేకపోతున్నాను. కింద పీట వేసుకునేంత చోటు, కాస్త వెలుతురు పడేలా ఉంటే చాలు." ఆవిడ ఇన్నేళ్ళలో మూడు ఇళ్ళు మారారు. ఈ ముక్క ఏ ఇంటికీ చెప్పినట్టు లేదు.

ఇల్లు కట్టుకునేది జీవితంలో ఒకసారి. కారుకి చోటు చూస్తాం, దేవుడికి చూస్తాం. రోజుకి ఆరేడు గంటలు ఒకేచోట నిలబడే మనిషి ముందు ఏముండాలో కూడా చూడాలి కదా? మీ ఇంట్లో ప్లాను పరిచినప్పుడు, టీ తెచ్చిన మనిషిని కూడా ఓ కుర్చీ లాగి కూర్చోబెట్టండి.

నిన్న రెండో ప్లాను వచ్చింది. కిటికీ వచ్చింది, సగం గోడ వచ్చింది. పీటకి చోటు మాత్రం రాలేదు. ఈ ఆదివారం మళ్ళీ అడుగుతాను.