కొయ్యపనియందలి స్వేచ్ఛ

“చదువుకొను బిడ్డకు ఉలి యేల, బాడిస యేల?” అని మన తల్లిదండ్రులలో పెక్కురు ప్రశ్నించుచుందురు. ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. తరతరములుగా కాయకష్టము చేసి, తమ సంతతికైనను ఆ బాధ తప్పవలెనని బిడ్డలను బడికి పంపినవారు వారిలో కలరు. అయినను, బ్రదుకుతెరువుకై ఒరులు చెప్పినట్లు చేయు కొయ్యపని వేఱు. తన మనసులోని రూపమును కొయ్యయందు చూచుకొనుటకై చేయు పని వేఱు. ఈ రెండవదానిని కళగా నెంచి ప్రతి బిడ్డకును నేర్పవలెనని నా మనవి. ఏలయన, నిజమైన స్వేచ్ఛ యెట్టిదో అది నేర్పును.

తోచినట్లెల్ల చేయుటయే స్వేచ్ఛయని బాలురు తలంతురు. కొయ్య ఆ తలంపును మొదటి దినముననే సరిదిద్దును. నారకు ఎదురుగా చిత్రిక పట్టితిమా, పేళ్లు లేచును. ముడిని గమనింపక ఉలి వేసితిమా, అంచు విఱుగును. ఎంత గద్దించినను కొయ్య వినదు. మనమే దాని స్వభావము నెఱిగి నడువవలెను.

ఇందులకు అనకాపల్లి జిల్లాలో వరాహనదీ తీరమున నున్న ఏటికొప్పాక మంచి నిదర్శనము. అచటి పనివారు అంకుడు కొయ్యను గిరగిర తిరుగు యంత్రమునకు బిగించి ఉలితో చెక్కుదురు. ఆ యంత్రము గుండ్రని రూపమునే యిచ్చును. అంత కఠినమైన హద్దులోనే వారు బొంగరములు, కుంకుమభరిణెలు, లక్కపిడతలు, పక్షులు, మనుష్యుల బొమ్మలు చేయుచున్నారు. తిరుగుచున్న కొయ్యకు రంగు కలిపిన లక్కను ఒత్తగా, రాపిడి వేడిమికి అది కరగి అంటుకొనును. పిమ్మట మొగలియాకుతో రుద్ది మెఱుగు పెట్టుదురు. పసుపు, నీలి, జాఫ్రా గింజలవంటి వానినుండి రంగులు తీయుదురు. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించెను. హద్దు వారి ఊహను బంధింపలేదు. దానికి దారి చూపెను.

బడులలో కొయ్యపని నేర్పునపుడు తఱచుగా అందఱిచేతను ఒకే కొలత పీటను చేయించి, కొలత తప్పినవానికి మార్కులు తగ్గింతురు. కొలత నేర్పుట అవసరమే. కాని అంతటితో ఆగినచో చేయి నేర్చును గాని మనసు మేల్కొనదు. ఏడాదికొకమాఱైనను ప్రతి బాలునకును, ప్రతి బాలికకును ఒక కొయ్యముక్క నిచ్చి, “నీకు తోచినది చేయుము” అనవలెను. చెడిపోయినచో చెడిపోనిండు, దానికి మార్కులు వేయవలదు. తన తప్పును తానే కన్నులార చూచి దిద్దుకొనుట అలవడిన బిడ్డ లెక్కల పుస్తకము ముందఱను జంకక కూర్చుండునని నా నమ్మకము.

ఇది క్రొత్త మాట కాదు. ఫిన్లాండు దేశమున ఊనో సిగ్నేయుస్ అను క్రైస్తవ బోధకుని ప్రేరణచే 1866లోనే పల్లెబడులందు చేతిపని పాఠ్యభాగమయ్యెను. మఱియు మన ప్రభువు నజరేతులో వడ్రంగిపని చేసినవాడని సువార్త చెప్పుచుండగా, ఆ పనిని చిన్నచూపు చూచుట మన బడికి తగునా?

తల్లిదండ్రులారా! సెలవులకు ఇంటికి వచ్చిన మీ బిడ్డ వంకరకాళ్ల కొయ్యగుఱ్ఱము నొకదానిని మీ చేతికిచ్చినచో, “దీనికెన్ని మార్కులు వచ్చినవి?” అని అడుగకుడు. “ఈ కాలు ఇట్లేల చెక్కితివి?” అని అడిగి, ఆ జవాబును ఓపికతో వినుడు.